మేడమ్ దిగమంది, బాక్స్ ఎక్కమంది

రాడార్ రూమ్ మెట్ల మీద డ్యూటీ కంట్రోలర్ గొంతు తెగి పడివున్నాడు. ఏసీ మెకానిక్ వేషంలో వచ్చిన ఏజెంట్ గద్ద ఆ శవాన్ని దాటి, చెవిలోని రిసీవర్ నొక్కాడు.

"చీఫ్, మనవాడు పోయాడు. సీట్లో ఎవరున్నారు?"

"ముత్యాల మేడమ్. మన మనిషే అనుకున్నాం, విదేశీ ముఠాకి అమ్ముడుపోయింది. మనవాడి ఆఖరి మెసేజ్ ఇప్పుడే అందింది. ఎదురెదురుగా రెండు విమానాలు, ఒకే ఎత్తు, మూడు నిమిషాల్లో ఢీకొంటాయి. ఒకటి కార్గో. రెండోది ప్యాసింజర్. దాని కెప్టెన్ మీ చెల్లెలు."

ఇంట్లో ఎవరి మాటా వినని మొండిఘటం అది. ఆ పిల్లంటే గద్దకి ప్రాణం.

"విమానంలో అలారం బాక్స్ ఉంటుందిగా? ఎక్కాలో దిగాలో అదే చెబుతుందిగా?"

"ఎదుటివాడి ట్రాన్స్‌పాండర్ పనిచేస్తేనే. విమానం ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో చుట్టుపక్కల వాటికి చెప్పే యంత్రం అది. టెస్టింగ్ పేరుతో మేడమ్ కార్గో వాడి చేత దాన్ని ఆఫ్ చేయించింది. ఆ గదిలో మైకొక్కటే దారి. పరుగెత్తు!"

తలుపు దగ్గర కాపలావాడు తుపాకీ తీశాడు. గద్ద చేతిలో టార్చి పేలింది. అందులో ఉన్నది ఒకే ఒక్క తూటా. అది వాడి కంట్లోంచి దూసుకుపోయింది.

"లేటయ్యావు," అంది మేడమ్, స్క్రీన్ మీద దగ్గరవుతున్న రెండు చుక్కల్ని చూస్తూ.

గద్ద రెంచితో ఆమె మోచెయ్యి విరగ్గొట్టి మైకు లాక్కున్నాడు. "కార్గో! ట్రాన్స్‌పాండర్ ఆన్ చెయ్యి! ఇప్పుడే!"

"చేశాను, కంట్రోల్!"

అంతలో మేడమ్ రెండో చేత్తో కత్తి దించింది. గద్ద అరచెయ్యి బల్లకు దిగబడిపోయింది. మైకు ఆమె చేతికి చిక్కింది. విరిగిన చెయ్యి వేలాడుతున్నా గొంతులో తేనె ఒలికింది. "ప్యాసింజర్, వెంటనే కిందికి దిగండి."

గద్ద నుదుటితో ఆమె ముఖం పగలగొట్టాడు. పడుతూ పడుతూ ఆమె మైకు వైరు తెంపేసింది. ఇక మాట్లాడే దారి లేదు, వినడమే. ఈసారి కూడా ఎవరి మాటా వినకు చెల్లీ అని లోలోపలే మొక్కుకున్నాడు.

రెండు చుక్కలూ ఒకటయ్యాయి. గద్ద కళ్ళు మూసుకున్నాడు.

స్పీకర్ గరగరలాడింది. "కంట్రోల్, దిగమని మీరన్నారు. ఎక్కమని బాక్స్ అంది. నేను బాక్స్ మాటే విన్నాను. కార్గో మా కిందనుంచి వెళ్ళిపోయింది. కాఫీలు ఒలికాయి, అంతే."

చెల్లిని కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టమని అమ్మ పదేళ్ళుగా పోరుతోంది. ఆ పని మరో పదేళ్ళు వాయిదా వేద్దామనుకున్నాడు గద్ద, అరచేతిలోంచి కత్తి పీక్కుంటూ.