గుండెకాపు

2069 నాటికి మార్కాపురంలో పలకల గనులు మూతపడి పదేళ్లయింది. వాటి దుమ్ము మాత్రం మనుషుల ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. గనుల్లో పనిచేసిన మగవాళ్ల ఛాతీమీద రూపాయి బిళ్లంత పట్టీ ఒకటి కనిపించేది. దాని పేరు గుండెకాపు.

ఊపిరితిత్తులు గట్టిపడితే వాటిలోకి రక్తాన్ని నెట్టడానికి గుండె కుడిగది ఎక్కువ శ్రమపడాలి. కాళ్లు వాచి సంగతి బయటపడేసరికి చేయిదాటిపోతుంది. గుండెకాపు అల్ట్రాసౌండ్ తరంగాలతో ప్రతి స్పందననూ కొలిచి, ఆ అలసటను నాలుగైదేళ్లు ముందే పసిగట్టేది. అప్పుడైతే మందులు పనిచేస్తాయి.

దాన్ని తయారుచేసిన డాక్టర్ హిమజకు ఒక ఉదయం ఒంగోలు ప్రయోగశాలలోని కంప్యూటర్ 'విశ్లేషిణి' ఒక వింత చెప్పింది.

"కాశింపీరా, అరవై రెండేళ్లు. పోయిన నెల గుండె అలసట మూడో దశ. ఇప్పుడు మొదటి దశ."

"గుండె అలా వెనక్కి రాదే! పట్టీ చెడిపోయిందా?"

"లేదు. లయ కూడా మారింది. ఇది వేరే గుండె."

ఆ మధ్యాహ్నమే హిమజ అతని ఇంటికి వెళ్లింది. కాశింపీరా మంచంమీద కూర్చుని రొప్పుతున్నాడు. ఛాతీమీద పట్టీ లేదు.

"ఏది పెద్దాయనా?"

అతను వాకిట్లో బట్టలారేస్తున్న భార్య మస్తానమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"గట్టిగా అనమాకమ్మా. నా ఒంటికి పడటంలా, నీ ఒంటిమీదుంచుకోమని చెప్పి ఆమెకు అంటించా."

"అది మీకోసం ఇచ్చింది కదా!"

"నా సంగతి తెలిసిందేగా. ముప్పై ఏళ్లు నా పక్కన కూచోని పలకలు కోసిందమ్మా. పేరు ఏ రిజిస్టర్లోనూ రాయలా. పేరు లేనోళ్లకి పట్టీ లేదన్నారు. ముందే కనిపెడితే బతుకుతారని మీరే చెప్తిరి. ఇంక ఎవురికి పెట్టాల?"

హిమజకు కోపం రావలసింది. రాలేదు.

"ఆమెకు మొదటి దశ. మందులు మొదలుపెడితే నిలబడుతుంది."

"అంతే చాలమ్మా," అని అతను కళ్లు తుడుచుకున్నాడు.

సంచిలోంచి కొత్త పట్టీ తీసి అతని ఛాతీమీద తనే అతికించి, హిమజ కారు దగ్గరకు వచ్చి, తలుపు తీసి ఫోన్లో ప్రయోగశాలను పిలిచింది.

"విశ్లేషిణీ, ఈ ఊళ్లో గుండె మారిన పట్టీలు ఇంకా ఎన్నున్నాయి?"

"అరవై ఒకటి. కొలతలనుబట్టి దాదాపు అన్నీ ఆడవాళ్ల గుండెలే. పరికర దుర్వినియోగం అని నమోదు చేయమంటారా?"

హిమజ కాసేపు ఆ వీధిలోని ఇళ్లవైపు చూసింది.

"వద్దు. వాళ్ల పేర్లు నేను కనుక్కుని చెబుతాను, రాసుకో," అని కారు తలుపు మూసి పక్కింటివైపు నడిచింది.