గంజి ఆరిన పడుగు

ఇలా నా పక్కకు జరుగు. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

ఆ పొద్దున నాంచారమ్మ వీధి పొడవునా పడుగు చాచింది. ఒక కొస తనది, రెండో కొస వదిన అలివేలుది. నడుమ మరకుంచె, తనంతట తాను నడిచే యంత్రపు కుంచె, గంజినూలును దువ్వుకుంటూ పోతోంది. ఎన్ని యంత్రాలొచ్చినా కొసల బిగువు మాత్రం మనిషి చేతికే తెలుస్తుంది. అది తప్పి, దువ్వకముందే గంజి ఆరితే పోగులన్నీ అతుక్కుపోయి పడుగు పారెయ్యాల్సిందే.

అలివేలు చెవి వెనక సెలవుపట్టీ మెరుస్తోంది. మెదడులో కాపుకణాలుంటాయి, చెత్త ఊడ్చేవి అవే. ముసలితనంలో వాటికి పిచ్చెక్కి, కాయాల్సిన నరాల పోగుల్నే కొరుకుతాయి. ఇక చాలని పట్టీ చెబితే తమంతట తామే చచ్చిపోతాయి, వాటి చోట కొత్తవి పుడతాయి. పోయిన మతి తిరిగొస్తుంది.

ఆ పట్టీ వేయించింది నాంచారమ్మే. ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ ముప్పై ఏళ్లు మాటల్లేవు ఇద్దరికీ. మతి సడలాక ఒకనాడు అలివేలు నేరుగా నాంచారమ్మ వంటింట్లోకొచ్చి, కాస్త చల్ల పొయ్యమని పీట వాల్చుకు కూర్చుంది. మూడేళ్లు ఆడపడుచు చేతి ముద్దే తిన్నది. చివరికి మింగడం కూడా మరిచిపోతుంటే, నాంచారమ్మ ఏడ్చి, వైద్యశాలలో వేలిముద్ర వేసింది. పోయినవన్నీ తిరిగొస్తాయని వైద్యురాలు చెబితే పేర్లూ ముఖాలూ అనుకుంది.

అలివేలు చేతులు ఆగాయి.

"నాంచారూ, ఆ రోజూ ఇదే వీధి. వరాలుకి ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రికి పోతానంటే నువ్వేమన్నావో గుర్తుందా?"

నాంచారమ్మకు గుర్తే. ఆ పడుగు ఎత్తేసరికి అలివేలు కూతురు, రెండేళ్ల వరాలు, తన సొంత మేనకోడలు, చల్లబడిపోయింది.

"నీ చేతి ముద్ద మూడేళ్లు తిన్నానా? మతి ఉంటే నీ ముఖాన ఉమ్మేదాన్ని. మతిలేనప్పుడే నేను నీకు వదినని."

పోగులు వేలాడుతున్నాయి. ముప్పైమూడేళ్ల కిందటి మాటే నాంచారమ్మ నోట మళ్లీ వచ్చింది.

"వదినా, గంజి ఆరిపోద్ది."

"ఆరనీ," అని అలివేలు కొసను మట్టిలో పెట్టి, ఇంట్లోకెళ్లి తలుపు గడియ వేసుకుంది.

ఎండ నెత్తికెక్కినా నాంచారమ్మ తన కొస వదల్లేదు. ఆ మధ్యాహ్నం వైద్యశాల నుంచి కబురొచ్చింది, అలివేలు జ్ఞాపకం పూర్తిగా కుదురుకుందని.

ఎవరికైనా ఈ సంగతి చెప్పేటప్పుడు పడుగు మరిచిపోయినా, పట్టీ మరిచిపోయినా ఫరవాలేదు. ఆ పిల్ల పేరు వరాలు. అది మాత్రం చెప్పు.