తోడు లేని బోను

“రంగన్న తాగితే కాల్చెయ్,” అన్నాడు చీఫ్.

1957 మే నెల. కర్నూలు ట్రావెలర్స్ బంగళాలో ఫ్యాను ఆగిపోయి ఉంది. ఏజెంట్ మహానంది చెమట తుడుచుకోలేదు.

“మన వైర్‌లెస్ సైఫర్, ఆ రహస్య సంకేతాలు మొత్తం రంగన్న తలలో ఉన్నాయి. ఇరవై రోజుల కిందట శత్రువులు వాణ్ణి ఎత్తుకుపోయారు. గండికోటలో ఖనిజాల సర్వే క్యాంపు అని బోర్డు ఉంటుంది. దాని వెనక డాక్టర్ వాల్డెన్ లాబొరేటరీ. ఈ కబురు పంపింది అతని సెక్రటరీ లిలియన్. మన మనిషే.”

“వాళ్ల మనిషి కూడా కదా సార్?”

“రెండు జీతాలు తీసుకుంటుంది.” చీఫ్ ఒక ఫౌంటెన్ పెన్ను బల్ల మీద పెట్టాడు. “ఇందులో ఒక్కటే బుల్లెట్. వాళ్లు పోసే బ్రాందీ తాగితే వాడు నోరు విప్పుతాడు, విప్పకముందే ముగించు. తాగకపోతే వెంట తీసుకురా. జీపులో పోలీసులు కోట కింద ఉంటారు.”

మరునాడు పొద్దున, శ్రీశైలం అడవి నుంచి సర్పగంధి వేర్లు తెచ్చినవాడిలా మహానంది గోనెసంచి మోసుకుని కోట ఎక్కాడు.

“వేర్లు తడిసినాయా?” నల్ల కళ్లద్దాల వెనక నుంచి లిలియన్ అడిగింది.

“నీడలో ఆరినాయి,” అన్నాడు. కోడ్ సరిపోయింది.

డాక్టర్ వాల్డెన్‌కు తెలుగు వచ్చు. బస్తా మోసేవాడికి ఏం అర్థమవుతుందిలే అనే ధీమా కూడా ఉంది. వరసగా బోన్లు చూపించాడు. ప్రతి బోనులో రెండు సీసాలు, ఒకటి నీళ్లు, ఒకటి సారా. ఒంటరి కోతి సారా సీసా ఖాళీ చేసి తన వేళ్లే కొరుక్కుంటోంది. పక్క బోనులో రెండు కోతులు ఒకదానికొకటి పేలు చూసుకుంటున్నాయి. వాటి సారా సీసా నిండుగా ఉంది.

“మెదడులో సెరొటోనిన్ అనే పదార్థం ఉంటుంది. ఉందని తెలిసి నాలుగేళ్లే. నీ వేర్ల మందు దాన్ని తగ్గిస్తుంది. మిగతా పని ఒంటరితనం చేస్తుంది. ఆ రెండూ కలిస్తే సీసా పట్టక తప్పదు.”

“ముట్టనివాటిని ఏం చేస్తావు దొరా?”

“లోయలోకి విసిరేస్తాం. దండగ తిండి.”

మహానంది గోనెసంచి కిందికి దించాడు. తాగితే రంగన్నను తాను చంపాలి. తాగకపోతే వీళ్లు చంపుతారు.

పన్నెండు గంటలకు గది తలుపు తెరిచారు. ఇరవై ఒక్క రోజులు మనిషి ముఖం చూడని రంగన్న వెలుతురుకు కళ్లు మూసుకున్నాడు. డాక్టర్ బ్రాందీ గ్లాసు అతని చేతికిచ్చి నోట్‌బుక్ తెరిచాడు. గ్లాసు పెదవుల దాకా వెళ్లింది. మహానంది పెన్ను మూత తీశాడు.

రంగన్న గ్లాసు కింద పెట్టాడు.

“వద్దు సామీ. ఆయమ్మ ఇంకా రాలే.”

“ఎవరు?”

సంగటి పళ్లెంతో వంటమనిషి హంపమ్మ వస్తోంది. “ఏమప్పా, లేటయిందని అలిగినావా?”

డాక్టర్ ముఖం పాలిపోయింది. “నోరెత్తొద్దని చెప్పాను కదా!”

“చెప్తివి సామీ. పళ్లెం తలుపు కింద తోసి వచ్చేయమంటివి. మనిషి తింటాంటే ఒక్కన్నే ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది? తినేదాంకా తలుపు ఇవతల కూచోని ఊరి సంగతులు చెప్తాంటి. చిన్న ఈరన్న పెండ్లికి పోతా పేడలో జారిన కత చెప్తే శానా నవ్వె!”

డాక్టర్ నోట్‌బుక్ మూసేశాడు. “లిలియన్,” అన్నాడు. అంతే.

లిలియన్ హ్యాండ్‌బ్యాగు తెరిచింది. చిన్న పిస్టల్, చిన్న చప్పుడు. హంపమ్మ పళ్లెంతో పాటే పడింది. సంగటి ముద్ద మట్టిలో దొర్లింది.

“ఇక దండగ తిండి,” అంటూ డాక్టర్ తన రివాల్వర్ రంగన్న నుదుటికి ఆనించాడు. మహానంది పెన్ను పేలింది. డాక్టర్ బోన్ల మీదికి ఒరిగాడు. కింద జీపు స్టార్టయింది.

“నా మీద అనుమానం రాకూడదు కదా,” అంది లిలియన్, హ్యాండ్‌బ్యాగు మూస్తూ.

మహానంది దగ్గర ఇంకో బుల్లెట్ లేదు.

రంగన్న పాకుతూ హంపమ్మ దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు చూశాడు. “ఆయమ్మ మొగం ఇట్లుంటాదా అన్నా? నాకు గొంతే తెల్సు.”

నెల తర్వాత చీఫ్ ఫైలు తిరగేస్తున్నాడు. పక్క కుర్చీలో లిలియన్ కొత్త మెడల్‌ను పట్టుచీర అంచుతో తుడుచుకుంటోంది.

“నీ రిపోర్టులో ఈ హంపమ్మ ఎవరు?”

“క్యాంపులో వంటమనిషి సార్. ఆమెకూ ఒక మెడల్ ఇవ్వాలని రాశాను.”

చీఫ్ ఆ పేరు కొట్టేశాడు.

“బాగుండదయ్యా. శత్రువుల జీతం తిన్న మనిషి.”