సోమవారం తలనొప్పి

"బాంబు" అన్న మాట చెవిన పడగానే కంట్రోల్ రూంలోని సాఫ్ట్‌వేర్ ఎర్ర లైటు వెలిగించింది.

రికార్డింగులో ఒక ముసలి గొంతు. "రేపు మోత్కూర్ నుంచి బస్సుల బాంబు తెస్తున్న. తల పగిలిపోతదని ఫికర్ చెయ్యకు." అవతల ఒక ఆడగొంతు "సరే" అని ఫోన్ పెట్టేసింది. ఆమె సిమ్‌కార్డు దొంగ పేరు మీద ఉంది, టవరు షాద్‌నగర్‌ది.

ఆ "సరే" ఎక్కడో విన్నట్టుంది ఏజెంట్ కురుమయ్యకు. పెళ్లి కుదిరినవాడికి ప్రతి సరే తనకు దొరికిన సరే లాగే వినబడుతుందిలే అని సరిపెట్టుకున్నాడు.

"కురుమయ్యా, జర సీరియస్‌గా విను," అంది చీఫ్ జాహేదా. "షాద్‌నగర్‌ల రంగుల కంపెనీ పేరుతోని సరిహద్దు అవతలి ముఠా దిగింది. వాళ్ల అసలు రంగేందో ఇంక బయట పడలే. బండలు పేల్చే పాతకాలం నైట్రోగ్లిజరిన్ తూటాలు చుడుతున్నరని సమాచారం. దేశంల గవి మానేసి ఏండ్లయింది. పటాకుల మందు వేరు, అది నెడుతది. ఇది హై ఎక్స్‌ప్లోజివ్. నెట్టదు, తునకలు చేస్తది. తనకేమైందో రాయికి తెలిసేలోపే అది రాయి కాకుండ పోతది."

"లోపల మన 'వాన' ఉంది కదా మేడం."

"తూటాల జాడే లేదు, నేను ఆఫీసు దాటి గోదాంల అడుగు పెట్టలేదని రాస్తాంది. వాన మాటంటే నీకు వేదం. కాబోయే పెండ్లాం కదా."

'వాన' అంటే వర్షిత. రంగుల కంపెనీ మేనేజరుకు సెక్రటరీగా చేరిన డిపార్ట్‌మెంటు మనిషి. పోచంపల్లి చీర కట్టి నల్ల కళ్లద్దాలు పెట్టిందంటే మేనేజరు తిజోరీ తాళం కూడా మరిచిపోతాడని పేరు. కురుమయ్య అయితే ముప్ఫై ఎనిమిదేళ్ల బ్రహ్మచర్యాన్నే మరిచిపోయాడు.

మర్నాడు సోమవారం. షాద్‌నగర్ బస్టాండులో కమాండోలు బఠానీలమ్మే వాళ్లుగా వేషం వేశారు. బఠానీలు కొంటామని వచ్చిన వాళ్లను మాత్రం కసురుకుంటున్నారు. మోత్కూర్ నుంచి హైదరాబాద్ దాకా ఒకటి, అక్కడి నుంచి ఇంకొకటి, రెండు బస్సులు మారి ఒక ముసలాయన దిగాడు. చంకలో గుడ్డ సంచి. పది తుపాకులు ఒక్కసారి లేచాయి. బాంబుల రోబో గునగునా వచ్చి ఆ సంచిని విప్పింది.

లోపల రెండు జామపండ్లు, ఒక టవలు, పచ్చమూత తలనొప్పి డబ్బా.

ముసలాయన చేతులు పైకెత్తి అటూ ఇటూ చూశాడు. కురుమయ్య మీద కళ్లు ఆగాయి. "అల్లుడా, గిదేందయ్య? కండక్టరు టికెటియ్యక పోతే తుపాకులు పెడతరా?"

వర్షిత తండ్రి భీమయ్య. పోయిన నెలే ఆయన చేతి తాంబూలం అందుకున్నాడు కురుమయ్య. ఆ "సరే" ఎవరిదో ఇప్పుడు తెలిసింది. డిపార్ట్‌మెంటుకు కూడా చెప్పని దొంగ సిమ్‌కార్డుతో తనకు కాబోయే భార్యకు ఏం పని?

"మామా, ఈ డబ్బా ఎవరికి?"

"బిడ్డకే. అయితారం ఇంటికొస్తే మంచిగనే ఉంటది. సోమారం పనికెక్కుతది, తల పగిలిపోతాందని ఫోన్ చేస్తది. ప్రతి సోమారం గంతే. నిన్న అది పోయినంక ఫోన్ చేసి చెప్పి, గియాల నేనే రాసిపోదామని వచ్చిన."

కమాండోలు నవ్వుకున్నారు. కురుమయ్య నవ్వలేదు. అక్కడున్న సిమెంటు బెంచీ మీద కూర్చుండిపోయాడు.

తన తల్లి బక్కమ్మ గుర్తొచ్చింది. పాలమూరు బావుల పనిలో తూటాల గంప మోసేది. నైట్రోగ్లిజరిన్ చర్మంలోంచి ఒంటికెక్కుతుంది. రోజూ ముట్టుకుంటే ఒళ్లు అలవాటు పడుతుంది, ఒక్కరోజు సెలవిస్తే ఆ అలవాటు పోతుంది. మర్నాడు మళ్లీ ముట్టుకోగానే తల రెండు చెక్కలు. అందుకే బక్కమ్మ ఆదివారం కూడా తూటా కాగితం ఒకటి కొంగుకు ముడేసుకుని తిరిగేది. ఆ ముడి పక్కనే తల పెట్టి పడుకున్న కురుమయ్యకు ఆ నొప్పి కథంతా తెలుసు.

ఆఫీసు దాటని మనిషికి ఆ తలనొప్పి రాదు. చేతులతో తూటాలు చుట్టే మనిషికే వస్తుంది.

"వర్షిత ఇప్పుడెక్కడుంది మామా?"

"పొద్దుగాల ఫోన్ చేస్తే ఊరు చూసొస్తనన్నది. ఊరేడున్నది, రిజర్వాయర్ల మునిగిపాయె. పంపుహౌస్ కాడ నిలబడి నీళ్లు చూస్తదట."

తూటాలు ఎక్కడికి చేరాయో అర్థమై కురుమయ్య జాహేదాకు ఫోన్ కలిపాడు. ఇవాళ ఆ పంపుహౌస్‌లో ట్రయల్ రన్. సైరన్ మోగగానే మోటార్లు ఆన్ చేస్తారు. కట్ట కింద మూడు తండాలు.

"జామర్ తీసుకపో, రిమోట్‌ను పనిచెయ్యనియ్యదు. నీ టిఫిన్ డబ్బా అడుగు గిన్నెల పెట్టించిన," అంది జాహేదా. "పై గిన్నెల పులిహోర. అనుమానం రాకుండ."

కురుమయ్య మామను జీపులో ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా భీమయ్య పెళ్లి వంటల గురించి మాట్లాడాడు. కురుమయ్య ప్రతిదానికీ "సరే" అన్నాడు.

పంపుహౌస్ రెయిలింగు దగ్గర వర్షిత నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, పోచంపల్లి చీర. కుడి చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది. కురుమయ్య మామను మెట్ల దగ్గర ఆపి ఒక్కడే నడిచాడు. టిఫిన్ డబ్బా అడుగున మీట నొక్కాడు. రంధ్రంలో పచ్చగా కనబడింది. జామర్ పనిచేస్తోందన్నమాట.

"దగ్గరికి రాకు. నా బొటనవేలు స్విచ్ మీద ఉన్నది," అంది వర్షిత.

"తల నొస్తాందా?"

ఆమె మొహం మారింది. "తెలిసిందా?"

"మా అమ్మకూ సోమారమే నొచ్చేది."

ఆమె నీళ్ల వైపు తిరిగింది.

"మా అమ్మ సమాధి గీ నీళ్ల కిందున్నది," అంది వర్షిత. "ఎన్ని ఆఫీసులు తిరిగిన. ఎముకలన్న తీసుకపోతమంటే గడువు అయిపోయిందన్నరు. గీ కంపెనీ వాళ్లొక్కరే విన్నరు. గేట్లు పోతయి, నీళ్లు దిగుతయి, ఊరు తేలుతది. గంతే అన్నరు. సైరన్ మోగంగనే నొక్కుమన్నరు."

"గేట్ల కోసం గంత మందుగుండా? చుట్టింది నీ చేతులే కదా వర్షితా. ఎంత పెట్టిన్రో నీకు తెల్వదా? కట్టకు కట్టే లేస్తది. కింద తండాలల్ల పిల్లలున్నరు."

ఆమె పెదవి కొరుక్కుంది కాని చెయ్యి తీయలేదు. కట్ట అవతల ఇంజనీర్లు సైరన్ దగ్గరికి నడుస్తున్నారు.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. ఆపినచోట ఆగే మనిషి కాదు భీమయ్య. ఆయాసపడుతూ వచ్చి డబ్బా మూత తీశాడు. "తల వంచు బిడ్డ."

"బాపూ, నువ్వు పో."

"రెండు బస్సులు మారొచ్చింది పోనీకా?" ఆయన ఆమె కళ్లద్దాలు తీసి నుదుటి మీద మందు రాస్తున్నాడు. బ్యాగులో చెయ్యి ఏం పట్టుకుందో ఆయనకు తెలియదు. "గీ నీళ్ల కాడికెందుకొస్తవే? మీ అమ్మ గీడ లేదు. నీళ్లు రాకముందే సమాధి మీది పిడికెడు మన్ను తెచ్చుకున్న. మోత్కూర్ల జామచెట్టు పెట్టినప్పుడు దాని మొదట్ల పోసిన. ఏడుస్తవని చెప్పలే. నిరుడు దాని కాయలే తిన్నవు. తియ్యగున్నయన్నవు. గియాల కూడ రెండు తెచ్చిన."

సైరన్ మోగింది.

వర్షిత తండ్రి చేతుల మధ్య నుంచి కురుమయ్య కళ్లలోకి చూసింది. "సరే," అంది. బ్యాగులోంచి చెయ్యి తీసి, స్విచ్ అతని అరచేతిలో పెట్టింది. పంపుహౌస్‌లో మోటార్లు గర్జించాయి. నీళ్లు పైకి లేచాయి. ఇంకేదీ లేవలేదు.

కురుమయ్య జేబులోంచి సంకెళ్లు తీసి ఆమె చేతులకు వేశాడు. నెట్టే దుఃఖం అయితే మనిషి రెండడుగులు వెనక్కేసి నిలదొక్కుకుంటాడు. ఇది ఆ రకం కాదు.

సాయంత్రానికి షాద్‌నగర్‌లో ముఠా మొత్తం దొరికింది. వారం తిరగక ముందే రివ్యూ మీటింగు పెట్టారు. సాక్షిగా వచ్చిన భీమయ్యను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. జాహేదా అందరికీ రికార్డింగు నెమ్మదిగా వినిపించింది. "బస్సుల బామ్ తెస్తున్న. బామ్. తలనొప్పి బామ్. మన సాఫ్ట్‌వేర్ దానికి 'బు' తగిలించి బాంబు చేసింది." హాలంతా ఘొల్లుమంది. రోబో విప్పిన డబ్బాను తెర మీద చూపిస్తే మళ్లీ నవ్వారు.

"ఏదేమైనా మన జామర్ భేష్," అన్నాడు ఒక పెద్ద అధికారి. "ఆమె ఎన్నిసార్లు నొక్కిందో ఏమో."

కురుమయ్య లేచి టిఫిన్ డబ్బాను బల్ల మీద విప్పాడు. "ఒక్కసారి కూడ నొక్కలేదు సార్. పులిహోర నూనె కారి బ్యాటరీ ముందే చచ్చిపోయింది. నాకు పచ్చగా కనబడింది లైటు కాదు, పచ్చిమిరపకాయ. ఆమె నొక్కి ఉంటే పేలేది. ఆపింది జామర్ కాదు సార్, జామచెట్టు. చార్జిషీటుల ఇది రాయండి."

నవ్వు ఆగిపోయింది. జాహేదా పెన్ను తీసి రాసుకుంది.

భీమయ్య ముందు కుర్చీలోంచి వెనక్కి తిరిగి అడిగాడు. "అందరికి అన్ని తెలిసినయి కదా అల్లుడా. మరి నా బిడ్డ ఎప్పుడొస్తది?"

జైల్లో ములాఖత్ సోమవారాలు. ఇప్పుడు తలనొప్పి కురుమయ్యకు వస్తోంది. మందు రాస్తానన్నాడు డిపార్ట్‌మెంటు డాక్టరు. నెట్టేదా, తునకలు చేసేదా, ఏ రకం మందో ముందు చెప్పమన్నాడు కురుమయ్య.