ఐదో కండపోగు

నూకరత్నం నాలుగో గాజుపలక మీద కట్లపాము విషం ఒక చుక్క వదిలింది. పలక మధ్యలో బిగించిన కండపోగు, మనిషి కణాల నుంచి పెంచిన వెంట్రుకంత దారం, రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. కొత్త బ్యాచ్ విరుగుడు కలిపింది. నలభై సెకన్లకు పోగు మళ్లీ అదరసాగింది. తెర మీద 'సఫలం' అని పడింది.

ఐదోది సముద్రపాము. విషం తగలగానే పోగు బిగుసుకుంది. విరుగుడు కలిపి చూస్తూ కూర్చుంది. మూడు నిమిషాలైనా కదల్లేదు. కొత్త పలకలు తీసి ఇంకో రెండుసార్లు చేసింది. అప్పుడూ అంతే. ఫలితం రాద్దామని ఫారం తెరిస్తే ఐదో గడే లేదు.

తను పనిచేసే నిర్విష సంస్థ మేనేజరు వల్లభరావును పిలిచింది.

"సార్, ఈ బ్యాచ్‌లో సముద్రపాము విషాన్ని ఆపే ఐదో ప్రతిరక్షకం లేదండి."

ఆయన ఆశ్చర్యపోలేదు. తలుపు దగ్గరగా వేశాడు.

"తెలుసు. ఓర్విన్‌తో ఒప్పందం మారింది. మన మందు దేశమంతా పంచేది వాళ్లే గదా. మూడేళ్లలో సముద్రపాముకి విడిగా మందు తెస్తారట. అప్పటిదాకా మనదాంట్లో అది ఉండకూడదన్నారు."

"మరి ఈ మూడేళ్లూ?"

"పెట్టె మీద 'ఐదు విషాలకు' అన్నది తీసేశాం. 'పాముకాటుకు' అని ఉంటుంది. అందులో అబద్ధమేం లేదు. నాలుగింటికీ సంతకం పెట్టు, చాలు."

"సముద్రంలో కరిచినా పాముకాటే గదా సార్. నర్సు ఇదే ఎక్కిస్తది. మా అన్న ఇంకా చేపల వేటకెళ్తన్నాడు."

"నువ్వు ఆపేస్తే పొలాల్లో కాటు పడినవాళ్ల సంగతేంటి? పదకొండు జిల్లాల్లో నిల్వ లేదు. రెండు గంటలకి లారీలు కదలాలి."

అది నిజం. అందుకే ఆమెకు కోపం కన్నా భయం ఎక్కువైంది. గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది. ఐదో ప్రతిరక్షకం తయారుకావడానికి ఈ గదిలోనే ఆరేళ్లు పట్టింది. దాన్ని తీసేయడానికి ఒక సమావేశం సరిపోయింది.

ఆమె నాలుగు గడుల్లోనూ సంతకం పెట్టింది. వల్లభరావు ఊపిరి వదిలాడు. ఫారం అడుగున 'వ్యాఖ్య' అని ఒక ఖాళీ ఉంది. అందులో ఎవరూ ఎప్పుడూ ఏమీ రాయరు. నూకరత్నం టైపు చేసింది: 'సముద్రపాము విషానికి ఈ మందు పనిచేయదు. మూడుసార్లు పరీక్షించాను.' ఆయన బల్ల దాకా వచ్చేలోపే పంపేసింది. మందు వెళ్లే ప్రతి ఆసుపత్రి తెర మీదికీ ఆ పత్రం చేరిపోయింది.

"ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

"తెలుస్తోంది సార్. లారీలు వెళ్లనీండి."

వల్లభరావు చేతిలో ఫోను మోగింది. ఓర్విన్ వాళ్లు. ఎత్తకుండా చూస్తూ నిలబడ్డాడు. అంతలో నూకరత్నం బల్ల మీది ఫోనూ మోగింది. ఆమె స్పీకరు నొక్కింది. తీరంలోని ఆరోగ్య కేంద్రం నుంచి ఒక నర్సు.

"మేడమ్, ఇప్పుడే చదివినానండి. మా కాడ 'ఐదు విషాలకు' అనున్న పాత బ్యాచ్‌వి ముప్పై సీసాలున్నాయి. తిప్పి పంపీమని పొద్దున్న ఓర్విన్ నుంచి మెసేజొచ్చింది. ఏటి సెయ్యమంటారు?"

వల్లభరావు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నూకరత్నం ఆయన వైపు చూడకుండా చెప్పింది.

"ఉంచండి. ఒక్క సీసా కూడా పంపకండి."

ఫోను పెట్టేలోపే మరో ఆసుపత్రి లైన్లోకి వచ్చింది.