నేత యంత్రానికి ఆది జాకెట్టు

గాజుబల్ల మీద ఓ పాత ఆకుపచ్చ జాకెట్టు ముక్కలు పరిచి ఉన్నాయి. కుట్లన్నీ విప్పేశారు. పైనుంచి స్కానర్ నీలం వెలుగు ఒక్కో ముక్క మీదుగా నెమ్మదిగా వెళుతోంది. బట్ట ఎక్కడ సాగింది, ఎక్కడ అరిగింది, డాట్ మడత ఎంత పట్టారు, హుక్కుల దగ్గర ఎంత లాగింది, అన్నీ తెర మీద గీతలుగా కనిపిస్తున్నాయి. బల్లకి ఇటుపక్క డాక్టర్ హిమబిందు, అటుపక్క ఆ జాకెట్టు తెచ్చిన లాస్య నిలబడ్డారు.

ఇదంతా కాకినాడలో. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇవాళ దేశదేశాల్లో వాడుతున్న ఈ యంత్రం ఏ జపాన్‌లోనో పుట్టిందనుకునేవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. పుట్టింది భానుగుడి సెంటర్‌కి కూతవేటు దూరంలో.

లాస్యది పోర్టులో ఉద్యోగం. కంట్రోల్ రూములో కూర్చుని క్రేన్లు నడుపుతుంది. నలభై దాటాయి. ఒకప్పుడు ఉయ్యాల్లో పిల్లలకి పెట్టిన ముద్దుపేర్లన్నీ ఇప్పుడు ఆంటీల పేర్లయిపోయాయి కదా, ఈవిడా ఆ తరమే. ఇద్దరు పిల్లలకి పాలిచ్చింది, ఒళ్లు చేసింది, మళ్లీ తగ్గింది. రొమ్ములు బాగా జారిపోయాయి. ఎండాకాలం వస్తే కింద చర్మం ఒరుసుకుని మంట. భుజాల మీద పట్టీల గాట్లు. డాక్టర్ దగ్గర అవన్నీ చెప్పి ఆగలేదు. "బాధొక్కటే కాదండి, అద్దంలో చూసుకుంటే నాకు నచ్చట్లేదు కూడా" అంది. సిగ్గుపడకుండా ఆ రెండో మాట చెప్పినందుకు హిమబిందుకి ఆవిడంటే గౌరవం కలిగింది.

రొమ్ములు పైకెత్తే ఆపరేషన్ కొత్తదేం కాదు. సాగిన చర్మంలో కొంత తీసేసి, లోపలి కణజాలాన్ని పైకి జరిపి, చనుమొనని తగిన ఎత్తుకి చేర్చి కుట్లు వేస్తారు. సైజు పెరగదు, ఉన్నదే పైకి లేస్తుంది. మచ్చలు మిగులుతాయి, కాలం గడిచేకొద్దీ వెలిసిపోతాయి గానీ పూర్తిగా పోవు. కొందరికి స్పర్శ తగ్గుతుంది, కొందరికి తరవాత పాలివ్వడం కష్టమవుతుంది. వయసు మాత్రం ఊరుకోదు, మెల్లగా మళ్లీ కిందికి లాగుతూనే ఉంటుంది. ఇవన్నీ తెలిసి చేయించుకుని హాయిగా ఉన్నవాళ్లు ఎందరో.

హిమబిందు కనిపెట్టిన యంత్రం పేరు 'నేత'. అది కత్తి పట్టదు. వెంట్రుకంత సూదులతో చర్మం కింద ప్రోటీన్ పోగులు పరుస్తుంది. ఒంట్లో ఉన్న కణాలే ఆ పోగుల్ని పట్టుకుని పాకి, రొమ్ముని పట్టి నిలిపే కొత్త పట్టీలు నేస్తాయి. పని పూర్తయ్యాక పోగులు కరిగిపోతాయి, పట్టీలు మిగులుతాయి. పందిరి వేస్తే పాదు తనంతట తను అల్లుకున్నట్టు.

అయితే పందిరి ఏ ఆకారంలో వెయ్యాలి? మొదట్లో వేలమంది కొలతల సగటు తీసి ఇచ్చారు. చేయించుకున్నవాళ్లంతా బాగుందన్నారు, బాగుందంటూనే ముఖం చిట్లించారు. "ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుందండి" అందొకావిడ. హిమబిందు ఆ మాటని మర్చిపోలేకపోయింది. ఎవరి పాత ఆకారం వాళ్లకి తిరిగి ఇవ్వాలంటే దాని ఆనవాలు ఎక్కడో ఉండాలి కదా.

ఉంది, ప్రతి ఇంట్లోనూ ఉంది. ఫోను చూపిస్తే గాల్లోనే కొలతలు తీసే రోజులొచ్చినా మన ఆడవాళ్లు దర్జీకి ఆది జాకెట్టు ఇవ్వడం మానలేదు. బాగా కుదిరిన జాకెట్టొకటి బీరువా అడుగున దాచుకుని, కొత్తది కుట్టించాలంటే దాన్నే నమూనాగా పంపుతారు. ఒంటికి అంటిపెట్టుకుని ఏళ్లు గడిపిన బట్టలో ఆ ఒళ్లు ఉంటుంది. ఈ ఆలోచన ప్రపంచంలో ఇంకెవరికీ రాలేదు. వస్తే మనకే రావాలి, మనకే వచ్చింది.

లాస్య ఒప్పుకున్నదీ అందుకే. ఇంట్లో ఆవిడ రెండో పిల్ల. అక్క జాహ్నవి విడిచిన లంగా ఓణీలు, అక్క తొక్కిన సైకిలు, అక్క పేరు రాసున్న పుస్తకాలు, అన్నీ తనకే వచ్చేవి. ఇచ్చేటప్పుడు జాహ్నవి ప్రతిసారీ ఒక మాట అనేది, జాగ్రత్తగా వాడుకో అని. ఇన్నాళ్లకి ఎవరి కొలతా కాకుండా తనది తనకొస్తుందని డాక్టర్ చెబితే లాస్య కళ్లు తడయ్యాయి. జాహ్నవి మాత్రం ఈ వయసులో ఈ సోకులేంటే అని ముక్కు విరిచింది.

నేత పని అద్భుతంగా కుదిరింది. మంట పోయింది, భుజాల నొప్పి పోయింది, ఒక్క మచ్చ లేదు. ఎక్కడెక్కడి డాక్టర్లో కాకినాడ వచ్చి చూసి, తమ దేశాల్లో ఆది జాకెట్లు లేనందుకు విచారించారు. ఆ ఆకుపచ్చ ముక్కల్ని ఆస్పత్రి హాల్లో అద్దాల పెట్టెలో పెట్టి, 'ప్రపంచంలో మొదటి ఆది' అని రాశారు.

కానీ లాస్యకి ఒక్కటి అంతుపట్టలేదు. చూపించుకోవడానికి వచ్చినప్పుడు డాక్టర్ని అడిగింది, తనకి మొదట్నుంచీ కుడివైపు కాస్త దిగువ, ఇప్పుడు ఎడమవైపు దిగిందేమిటని. ఏ ఆడదానికీ రెండూ సరిసమానంగా ఉండవనీ, అందుకే యంత్రాన్ని సమానం చెయ్యనివ్వలేదనీ, జాకెట్టులో ఉన్నది ఉన్నట్టే వచ్చిందనీ హిమబిందు గర్వంగా చెప్పింది. ఆ ఆది ఇచ్చి కుట్టించినప్పుడల్లా ఎడమవైపు వదులు పెడుతున్నాడని దర్జీతో ఏళ్ల తరబడి పోట్లాడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది లాస్యకి.

ఆ రోజు తోడుగా వచ్చిన జాహ్నవి హాల్లో అద్దాల పెట్టె ముందు నిలబడిపోయి ఉంది.

"ఇది నా జాకెట్టు కదే" అంది. "ఆకుపచ్చ దారం అయిపోతే అంచు ఎర్రదారంతో నేనే కుట్టాను. ఎప్పుడో అన్నవరం వెళ్తూ పట్టుకెళ్లావు. మళ్లీ ఇచ్చావా?"

లాస్య వంగి అంచు చూసింది, ఎర్రదారమే. జాహ్నవి చెల్లెల్ని పైనుంచి కిందికి ఓసారి చూసింది. కోపం మెల్లగా దిగి, ముఖం వెలిగింది.

"అందుకే అంత బాగా కుదిరింది. సర్లే, జాగ్రత్తగా వాడుకో."

లాస్యకి ఒళ్లు మండిపోయింది. పట్టీలు కరిగించి మళ్లీ నేయచ్చని డాక్టర్ చెప్పింది గానీ, నేయడానికి లాస్య సొంత ఆది ఎక్కడుంది? ఇంటికెళ్లి అద్దం ముందు చాలాసేపు నిలబడింది. కొలత అక్కదే. నేసినవి మాత్రం తన కణాలు. పిల్లలకి పాలిచ్చిన ఒళ్లు తనది. ఉండనీ అనుకుంది, ఆ తరవాత వెన్ను నిటారుగా పెట్టి నడిచింది.

ఆర్నెల్లు తిరక్కుండా జాహ్నవి, ఎవరికీ చెప్పకుండా, నేత కోసం పేరు నమోదు చేయించుకుంది. ఆది తెమ్మన్నారు. మీ అద్దాల పెట్టెలోనే ఉందంది. విప్పి ఇన్నాళ్లు పెట్టెలో ఉన్న బట్ట మళ్లీ స్కానుకి పనికిరాదనీ, దాని పటం యంత్రంలో భద్రంగా ఉందనీ, కానీ పటం ఎవరి ఒంట్లో ఉంటే వాళ్ల సొత్తనీ, వాడాలంటే వాళ్ల అనుమతి కావాలనీ హిమబిందు నిదానంగా చెప్పింది.

ఆదివారం జాహ్నవి చెల్లెలింటికి వచ్చింది. టీ తాగింది. ఎండల గురించీ, పిల్లల గురించీ, ధరల గురించీ మాట్లాడింది. లాస్యకి సంగతి ఆస్పత్రివాళ్లు ముందే చెప్పారు. అయినా ఏమీ ఎరగనట్టు ఊ కొడుతూ కూర్చుంది. చివరికి జాహ్నవి కప్పు కింద పెట్టి, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"చెల్లీ, నీది ఓసారి ఇస్తావా?"

పుట్టి బుద్ధెరిగాక అక్క తనని ఏదైనా ఇమ్మని అడగడం ఇదే మొదలు. లాస్య ఫోను తీసి, ఆస్పత్రి పంపిన అనుమతి మీద బొటనవేలు ఆనించింది. పచ్చ వెలుగు వచ్చేదాకా ఆగింది. తరవాత అక్క భుజం మీద చెయ్యి వేసింది.

"జాగ్రత్తగా వాడుకో అక్కా" అంది.