గడ్డానికో లేజర్ గండం

నల్గొండ గడియారం సెంటర్ వెనక సందులో, ఒక పాత ఫొటో స్టూడియో మేడ మీద, పట్టపగలు హత్య జరిగింది. హతుడు నల్లగా, ఒత్తుగా, రెండు కొనలూ మెలితిరిగి ఊరంతా చెప్పుకునేలా ఉండేవాడు. హతుడంటే మనిషి కాదు. విజేందర్ మీసం.

తెర వెనక మామూలు బ్లేడు మీసాన్నీ గడ్డాన్నీ నున్నగా లేపేసింది. తెర ముందు కెమెరా తిరిగింది. విజేందర్ చేతిలో తళతళలాడే గొట్టం ఒకటి పెట్టుకుని, చెంప నిమురుకుంటూ, నేర్పించిన డైలాగు చెప్పాడు.

"బ్లేడ్ లేదు, నురగ లేదు, నీళ్లు లేవు. గ్లాబ్ లేజర్ రేజర్! నా మొహం చూడండి, నమ్మండి."

నమ్మారు. అదే గండం. మీసం పోయిన చోట మోసం మొలిచింది.

విజేందర్ సీక్రెట్ ఏజెంట్. కోడ్ నేమ్ కత్తెర. అతను పనిచేసే స్పెషల్ సెల్‌కు బయట జిరాక్స్ సెంటర్ అని బోర్డుంటుంది. జనం వచ్చి అడిగితే జిరాక్స్ తీసి కూడా ఇస్తారు. బంధువుల లెక్కలో మాత్రం అతను నల్గొండలో ఏదో ఆఫీసులో ఏదో సీట్లో కూర్చునే మనిషి. మిషన్ గురించి మొదట చెప్పినవాడు సెల్ చీఫ్ మక్సూద్ సాబ్.

"కంపెనీ పేరు గ్లాబ్. మాలిక్ పేరు కూడా గ్లాబే. ఏ దేశపోడో ఆయనకే సక్కగ తెల్వదు. లేజర్ తోని గడ్డం గీకుతడట."

"గా రేజర్ల బ్లేడు లేకుంటె ఇంకేమున్నది సాబ్?"

"క్రౌడ్ ఫండింగ్ ఉన్నది."

అంటే, వస్తువు పుట్టకముందే దానికి చందాలు. వినాయకుడికి చందా ఇస్తే చివరికి పులిహోరన్నా చేతిలో పడుతుంది. ఇక్కడ పడేది వాయిదా. చందా ఇచ్చినవాడు వంద రోజులు ఆగితే కంపెనీ ఇంకో వంద రోజులు ఆగమంటుంది. నెట్టులో అంతకుముందే నలుగురైదుగురు ఇంజనీర్లు, ఇంత చిన్న బ్యాటరీతో వెంట్రుక తెగదు, మహా అయితే వెచ్చబడుతుందని మొత్తుకున్నారు. మొత్తుకున్నవాళ్లకు లైకులు రాలేదు.

"వెంట్రుక తెగకపోతె మనకేం ఫికర్ సాబ్? గొరుగుడుకాడ మోసపోవుడు కొత్తనా?"

"వెంట్రుక తెగదు. మొహం పోతది." మక్సూద్ గొంతు తగ్గించాడు. "బటన్ ఒత్తంగనే మొహాన్ని నలుమూలలా కొలుస్తది. రెప్ప ఎట్ల కొడతవో గది గూడ పడతది. ఫోన్ల కెళ్లి విదేశం సర్వర్‌కు పంపుతది. రేపు నీ మొహం తోని ఇంకొకడు నీ బ్యాంకు తెరుస్తడు. మొహం చూపిచ్చి పెన్షన్ తీసుకునే ముసలోళ్లున్నరు సూడు, ఆళ్ల పెన్షన్ గూడ గంతే."

సర్వర్ ఎక్కడుందో కనిపెట్టాలి. అందుకు విజేందర్ కంపెనీలో సేల్స్ ఏజెంటుగా చేరాలి. కంపెనీ నమ్మాలంటే వీడియో చేయాలి, చందాదారుల్ని తేవాలి.

"ఎవరిని తేవాలె సాబ్?"

"నీ మాట నమ్మేటోళ్లను. లాంచింగ్‌కు ముందే మూసేస్తం. ఎవ్వరికేం కాదు."

తన మాట నమ్మేవాళ్లు విజేందర్‌కు ఒకే చోట ఉన్నారు. హాలియా పక్క ఊళ్లో, సాగర్ కాలువ కింద, ఒకే ఇంటిపేరున్న అతని పాలోళ్లు. అందరికంటే పెద్ద గుర్వయ్య. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. తండ్రి పోయాక విజేందర్‌ను భుజాన వేసుకుని బడికి మోసిన పెదనాన్న.

"నువ్వు చెప్పినంక ఇంకేంది బిడ్డా!" అని మొదటి చందా గుర్వయ్యే ఇచ్చాడు. ఆయన వెనక పాలోళ్లంతా ఇచ్చారు. లాంచింగ్ నాటికి గడ్డాలు పెంచుకుని రమ్మని చెప్పింది కూడా విజేందరే. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అతని నున్నటి చెంప మీద ముళ్లు మొలిచినట్టుండేది.

లాంచింగ్ హాలియాలోని ఒక ఫంక్షన్ హాల్లో, పొద్దున పూట. అంతకు రెండు రోజుల ముందు గ్లాబ్ మనుషులకు విజేందర్ మీద అనుమానం వచ్చింది. మక్సూద్ అతన్ని మాయం చేసి, మారువేషంలో మళ్లీ దించాడు. ఇప్పుడతను సౌండ్ సిస్టం మనిషి. తలకు టోపీ, మొహానికి పెట్టుడు గడ్డం. గడ్డాలు తీసే పండక్కి గడ్డం పెట్టుకుని వచ్చిన మొదటివాడు చరిత్రలో అతనే అయ్యుంటాడు.

చెవిలో బఠాణీ గింజంత రిసీవర్. అందులోంచి మక్సూద్ గొంతు వచ్చింది. హాలు బయట వ్యాన్‌లో ఉన్నాడాయన.

"కత్తెరా, చిన్న మార్పు. ముందుగాల ఆపుడు లేదు. ఒక్క మొహమన్న పైకి పోతెనే సర్వర్ జాడ దొరుకుతది. ఒక్క నిమిషం పోనియ్యి."

"అందరు ఒక్కసారె బటన్ ఒత్తుతరు సాబ్. గా నిమిషంల మా పాలోళ్ల మొహాలన్నీ పోతయి."

"డ్యూటీ."

విజేందర్ హాల్లోకి చూశాడు. వరసల నిండా ఒకే రకం ముక్కులు, ఒకే రకం చెవులు, పొలాల్లో వదిలేసిన వరి కొయ్యకాళ్లలాంటి గడ్డాలు. ముందు వరసలో గుర్వయ్య, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, లేజర్ గొట్టాన్ని దేవుడి హారతిలా రెండు చేతులా పట్టుకుని.

నిన్ననే ఫోన్ చేశాడు విజేందర్. "పెదనాయినా, గా మిషన్ పనికిరాదు. పోకుండ్రి."

"నీ చెంప అద్దం లెక్క చేసుకొని, మాకు మాత్రం వద్దంటవారా?" గుర్వయ్య నవ్వాడు. "పోరా! వీడియో పది సార్లు చూసిన."

వేదిక మీదికి సుమన వచ్చింది. పోచంపల్లి పట్టుచీర, నవ్వితే ముందు రెండు వరసలు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నాయి. పైకి గ్లాబ్ కంపెనీ యాంకర్. లోపల మక్సూద్ మనిషి. ఇంకా లోపలికి పోతే మళ్లీ గ్లాబ్ మనిషేమోనని సెల్‌లో అందరికీ అనుమానం. ఆమె ఎవరి వైపో ఆమె అద్దానికి కూడా తెలియదు. కానీ యాంకర్ చెవిలో మాట చెప్పే మైకు సౌండ్ మనిషి చేతిలో ఉంటుంది.

"అందరూ రేజర్ చెంపకు పెట్టుకోండి! పది... తొమ్మిది... ఎనిమిది..."

బొటనవేళ్లు బటన్ల మీదికి చేరాయి. విజేందర్ బుర్ర ఆ లేజర్‌లా మొరాయించలేదు, గిర్రున తిరిగింది. కరెంటు తీస్తే? గొట్టాల్లో బ్యాటరీలున్నాయి. అరిస్తే? పోరా అంటారు. ఈ మనుషుల చేతిని చెంప దగ్గర ఆపగలిగింది ఒక్కటే ఉంది. పాలోళ్లలో ఎవరైనా పోతే, దినం అయ్యేదాకా ఆ ఇంటిపేరున్న మగవాడెవడూ గడ్డం ముట్టడు. బ్లేడైనా ఒకటే, లేజరైనా ఒకటే.

ఎవరో ఒకరు పోవాలి. గుర్వయ్య పక్కనున్నవాళ్లంతా కళ్లముందే ఉన్నారు. లేనివాడొక్కడే.

"సుమనా, విజేందర్ చచ్చిపోయిండని చెప్పు."

ఆమె నవ్వు చెదరలేదు. అరచేతితో మైకు మూసి, వేదిక పక్కనే ఉన్న అతనికి మాత్రం వినపడేలా, పెదాలు కదలకుండా అడిగింది. "ఎప్పుడు?"

"ఇప్పుడే."

"ఐదు... నాలుగు..." ఆమె చూపు వేదిక కింద నిలబడ్డ గ్లాబ్ మీదికి పోయింది, మళ్లీ ముందు వరసలో గుర్వయ్య చేతుల్లోని గొట్టం మీదికి వచ్చింది. "మూడు... రెండు..."

ఆగింది.

"మాఫ్ చేయాలె అందరు. మన విజేందర్... యాక్సిడెంట్‌ల పోయిండని ఇప్పుడే కబురొచ్చింది."

ఆమె కళ్లలో నీళ్లు. నిజమైనవో కావో ఎవరికీ తెలియదు.

గుర్వయ్య చేతిలో గొట్టం కింద పడింది. లేచి నిలబడి, వెనక్కి తిరిగాడు. గొంతు పగిలింది గానీ మాట మాత్రం పెద్దమనిషి మాటే.

"పెట్టుండ్రి. అన్నీ కిందపెట్టుండ్రి. పాలోళ్లకు మైల. ఎవ్వడు గడ్డం ముట్టొద్దు."

టపటపా గొట్టాలన్నీ నేల మీదికి చేరాయి.

"నో, నో! వెరీ సింపుల్!" గ్లాబ్ కంగారుగా వేదిక మీదికి దూకాడు. జనానికి ధైర్యం చెప్పడానికి తన చెంపకే ఒకటి పెట్టుకుని బటన్ నొక్కాడు. ఆయన మన పాలోడు కాదు కదా!

"దొరికింది!" మక్సూద్ చెవిలో అరిచాడు. "సర్వర్ దొరికింది! ఎవని మొహం పోయింది?"

"వాని మొహమే సాబ్."

ప్లేట్లు మోస్తున్న క్యాటరింగ్ వాళ్లలో సగంమంది ప్లేట్లు వదిలేసి తుపాకులు తీశారు. గ్లాబ్‌కు నిజమైన క్షవరం అప్పుడైంది.

విజేందర్ ఊపిరి పీల్చుకోబోయాడు. అప్పుడే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. గుర్వయ్య. ఇస్త్రీ చొక్కా నలిగి, మనిషి సగమై.

"తమ్మీ, నీకు బండి ఉన్నదా? జర దవాఖానకు తోల్కపో. పోరడు ఒక్కడే పడున్నడో ఏమో."

చెవిలో మక్సూద్: "కత్తెరా, బయటపడకు. అది ఆర్డర్."

విజేందర్ చెవిలోంచి మక్సూద్‌ను పీకి జేబులో వేసుకున్నాడు. గడ్డం పట్టుకుని లాగాడు. జిగురుతో పాటు తోలూ వచ్చింది.

"పెదనాయినా. నేనే."

గుర్వయ్య చేత్తో ఆ మొహాన్ని తడిమాడు, ముక్కు, చెవి, నొసలు. సర్వర్ కంటే జాగ్రత్తగా కొలిచాడు. తర్వాత లాగి చెంప మీద ఒకటిచ్చాడు. లేజర్ రేజర్ చేయగలిగిన ఒక్క పనీ ఆ చెయ్యి చేసింది. చెంప వేడెక్కింది.

"వీడియోల నున్నగ చేసింది గీ మిషనేనా?"

"కాదు. తెర వెనక బ్లేడు."

"గా ముచ్చట నిన్న ఫోన్‌ల చెప్తె అయిపోతుండె గదరా. మిషన్ అబద్ధమన్నవ్. అబద్ధమాడింది నేనే అనలే. సచ్చుడు అంత అలకగున్నదా నీకు?"

సెల్‌లో చేసిన రహస్య ప్రమాణం అడ్డొచ్చిందని చెప్పబోయాడు విజేందర్. అడ్డొచ్చింది సిగ్గని అతనికి తెలుసు. సుమన దూరం నుంచి చూసి మొహం తిప్పుకుంది. ఆ కళ్లలో ఇంకా నీళ్లున్నాయి. ఇప్పుడు మైకు లేదు, చూసేవాళ్లూ లేరు.

విషయం అక్కడితో తెగలేదు. నలుగురిలో పట్టిన మైల ఊరికే వదలదని, దినం చేసే తీయాలని పాలోళ్లు తీర్మానించారు. గ్లాబ్ ఏ జైలుకు పోయాడో, ఏ దేశం ఆయన్ని మావాడు కాదందో విజేందర్ పేపర్లో కూడా చదువుకోలేదు. ఆ పది రోజులూ గడ్డం పెంచాడు. పదకొండో నాడు కాలువ గట్టు మీద మంగలి ఐలేశం కత్తి నూరి వరసగా అందరివీ గీశాడు, చివర్న విజేందర్‌ది. గుర్వయ్య తన చెంప నిమురుకుని, గరిటె ఒకటి తెచ్చి విజేందర్ చేతిలో పెట్టాడు.

సెల్ రిపోర్టులో మక్సూద్ సాబ్ ఇలా రాశాడు: ఆపరేషన్ సక్సెస్. ప్రాణనష్టం ఒకటి. ఆ ఒక్కడు ఫోనెత్తడం లేదు, తన దినం భోజనాల్లో మటన్ వడ్డిస్తున్నాడు.